సున్నిపెంటకి అప్‌డేట్ ఎలా చేరాలి?



ఈ రోజు ఆటల గురించి మాట్లాడుకుందాం. కబడ్డీ కాదు, క్రికెట్టూ కాదు. కంప్యూటర్‌లో ఆడేవి, టీవీకి తగిలించే గేమ్ పెట్టెలో ఆడేవి. అందులోనూ డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో కొన్నవి. "ఇదంతా పిల్లల గోల, మాకెందుకులే" అని రేడియో కట్టేయకండి పెద్దలూ! ఆ ఆటకి డబ్బిచ్చింది మీరే కదా. ఆ డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో, ఎలా బయటికొస్తుందో చెప్తాను. ఒక్క పావుగంట నాతో ఉండండి.

సున్నిపెంట మీలో చాలామందికి తెలిసిన ఊరే. శ్రీశైలం డ్యాం కట్టడానికి వచ్చినవాళ్ల కోసం నల్లమల మధ్యలో వెలిసిన ప్రాజెక్టు కాలనీ. 1963లో నెహ్రూ గారు డ్యాంకి శంకుస్థాపన చేశారు. ఎక్కడెక్కడి నుంచో ఇంజనీర్లు, మేస్త్రీలు, కూలీలు వచ్చి అక్కడ కాపురాలు పెట్టారు. నంద్యాల నుంచి ఆ ఊరికి వెళ్లాలంటే ఆత్మకూరు, దోర్నాల దాటి ఘాట్ ఎక్కాలి. దారిలో సెల్ సిగ్నల్ వస్తుంది, పోతుంది. రాత్రయితే అడవి రోడ్డుకి గేటు వేసేస్తారు. పులులు తిరిగే అడవి మరి, వేయాల్సిందే.

ఆ ఊళ్లో ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంటబ్బాయి నంద్యాలలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. హాస్టల్లో వైఫై ఉంది. పండగ ఆఫర్‌లో ఒక మంచి ఆట కొన్నాడు. లాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాడు. హాయిగా ఆడుకుంటున్నాడు. సెలవులిచ్చారు, ఇంటికొచ్చాడు. ఇంట్లో నెట్ కనెక్షన్ లేదు. ఉన్నదల్లా వాళ్లమ్మ ఫోన్. అందులో రోజుకి 2 జీబీ. ఎందుకో ఒక్క నిమిషం ఆ ఫోన్ హాట్‌స్పాట్ లాప్‌టాప్‌కి కలిపాడు. అంతే! ఆట మీద నొక్కితే "అప్‌డేట్ కావాలి" అంటోంది. ఎంతా అని చూస్తే 40 జీబీ. రోజుకి 2 జీబీ చొప్పున 20 రోజులు పడుతుంది. వాడి సెలవులేమో పది రోజులే. నిన్న రాత్రి దాకా ఆడిన ఆట ఇవాళ తెరుచుకోదు. ఆట వాడి లాప్‌టాప్‌లోనే ఉంది. డబ్బు ఎప్పుడో కట్టేశాడు. అయినా తెరుచుకోదు.

ఎందుకు తెరుచుకోదంటే, ఇక్కడ రెండు విషయాలున్నాయి. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వీటి దగ్గరికే వస్తాను. మొదటిది అనుమతి. రెండోది బరువు. ఆట ఆడుకోవడానికి కంపెనీ ఇచ్చేది అనుమతి. మోసుకు రావాల్సిన 40 జీబీ ఫైళ్లు బరువు. అనుమతి చూసుకోవడానికి నెట్ చిటికెడు చాలు. బరువుకి మాత్రం బోలెడు కావాలి.

ముందు అనుమతి సంగతి చూద్దాం. ఆన్‌లైన్ దుకాణంలో "కొను" అని ఉంటుంది. మనం కొంటాం. కానీ చాలా దుకాణాల్లో మనకి దక్కేది ఆట కాదు, ఆడుకునే అనుమతి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో దీని మీద ఒక చట్టమే చేసింది. అది 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. మీరు అమ్మేది అనుమతి మాత్రమే అయితే, ఆ మాట కొనేవాడికి కనబడేలా చెప్పండి అని ఆ చట్టం అంటుంది. అందులో ఒక మినహాయింపు ఉంది, మనకి కావాల్సింది అదే. ఒకసారి దించుకుని, ఇక నెట్ లేకుండా ఎప్పటికీ వాడుకోగలిగే సరుకైతే ఆ హెచ్చరిక అక్కర్లేదట. అంటే ఆన్‌లైన్‌లో కొనే ఆటల్లో రెండు రకాలున్నాయని చట్టమే ఒప్పుకుంది. నెట్ లేని ఇంటివాళ్లకి ఆ రెండో రకం బంగారం. దాని గురించి కాసేపట్లో చెప్తాను.

ఇక బరువు సంగతి. అసలీ అప్‌డేట్లు ఎందుకు? ఆట అమ్మేశాక కంపెనీ దాన్ని సరిచేస్తూనే ఉంటుంది. ఒక్కోసారి ఆ సరిచేయడమే అసలు ఆట అవుతుంది. సైబర్‌పంక్ 2077 అనే ఆట చూడండి. 2020 డిసెంబర్ 10న విడుదలైంది. లోకమంతా ఎదురుచూసిన ఆట. తీరా చూస్తే తప్పుల తడక. మనుషులు గోడల్లోంచి నడిచిపోయేవాళ్లు. పాత గేమ్ పెట్టెల్లో ఆట మధ్యలో ఆగిపోయేది. వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ దుకాణంలోంచి దాన్ని తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. అప్‌డేట్ మీద అప్‌డేట్ వచ్చి, 2023 సెప్టెంబర్‌లో 2.0 వచ్చేసరికి, తిట్టినవాళ్లే మెచ్చుకున్నారు. మరి మొదటి రోజే కొని, ఆ తర్వాత నెట్ దొరకని ఇంట్లో కూర్చున్నవాడి సంగతేమిటి? వాడి దగ్గర మిగిలింది ఆ తప్పుల తడకే. డబ్బు మాత్రం నెట్ ఉన్నవాడూ, వీడూ ఒక్కటే కట్టారు. అందుకే, నెట్ లేని ఇంటికి కొత్తగా విడుదలైన ఆట వెంటనే కొనకండి. ఏడాది ఆగండి. ధర తగ్గుతుంది, తప్పులు తగ్గుతాయి, అప్పటిదాకా వచ్చిన అప్‌డేట్లన్నీ అందులోనే కలిసి వస్తాయి.

డిస్క్ కొంటే ఈ బాధ లేదు కదా అని మీరనొచ్చు. ఒకప్పుడు లేదు. 2004లో హాఫ్ లైఫ్ 2 అనే ఆట వచ్చింది. దాని డిస్క్ కొనుక్కున్నవాళ్లు కూడా ఒక్కసారి నెట్‌కి కలిపి, స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో నమోదు చేసుకుంటే గానీ ఆడలేకపోయారు. అక్కడి నుంచి లోకం మారిపోయింది. ఇప్పుడు డిస్క్‌లో వచ్చే చాలా ఆటలకి కూడా మొదటి రోజే అప్‌డేట్ ఉంటుంది. డిస్క్ ఉంటే కాస్త బరువు తగ్గుతుంది, అంతే.

సరే, మరి ఈ బరువుని సున్నిపెంటకి చేర్చేదెలా? దారులు రెండే. ఆట ఉన్న యంత్రం నెట్ దగ్గరికి వెళ్లాలి. లేదా అప్‌డేటే యంత్రం దగ్గరికి రావాలి. మళ్లీ చెప్తున్నాను. యంత్రం నెట్ దగ్గరికి పోవాలి, లేకపోతే అప్‌డేట్ యంత్రం దగ్గరికి రావాలి.

శ్రీశైలం నీళ్లతో బతికే మనకి ఇది కొత్త పాఠం కాదు. కృష్ణకి వరద ఏడాది పొడుగునా రాదు. వచ్చిన రోజుల్లో జలాశయం 885 అడుగులకి నిండుతుంది. పోతిరెడ్డిపాడు గేట్లు ఎత్తి బానకచర్లకి వదిలితే, వెలుగోడు నిండి, తెలుగుగంగ పారి, ఆళ్లగడ్డ పొలాలు తడుస్తాయి. వచ్చినప్పుడు పట్టుకుంటాం, లేనప్పుడు వాడుకుంటాం. నెట్ కూడా మీకు ఎక్కడ, ఎప్పుడు వరదలా దొరుకుతుందో చూసుకుని అప్పుడే పట్టుకోవాలి.

డేటాని చేత్తో మోసుకొచ్చే పని లోకంలో చాలామంది చేశారు. నేను మాట్లాడుతున్నది రేడియోలో కాబట్టి, రేడియో కథే ముందు చెప్తాను. 1980లు. యుగోస్లావియా దేశం. అక్కడి కుర్రాళ్లు గలాక్సియా అనే కంప్యూటర్‌ని ఇంట్లోనే అమర్చుకునేవాళ్లు. ప్రోగ్రాంలు దాచుకోవడానికి హార్డ్ డిస్కుల్లేవు. మనం పాటలు వినే క్యాసెట్టే గతి. ప్రోగ్రాం అంటే క్యాసెట్ మీద ఒక చప్పుడు. చప్పుడే అయినప్పుడు రేడియోలో ఎందుకు వినిపించకూడదు? బెల్‌గ్రేడ్ రేడియోలో వెంటిలేటర్ 202 అని ఒక కార్యక్రమం. దాన్ని నడిపినాయన జోరాన్ మోడ్లీ. క్యాసెట్ పెట్టి, "రికార్డ్ చేసుకోండి" అని చెప్పి మీట నొక్కేవాడు. కీచుమంటూ, బరబరమంటూ నిమిషాల తరబడి గోల. వినేవాళ్లు టేప్ రికార్డర్‌లో దాన్ని పట్టుకుని, కంప్యూటర్‌కి తగిలిస్తే ఆట సిద్ధం! నెదర్లాండ్స్‌లో కూడా హాబీస్కూప్ అనే రేడియో కార్యక్రమం ఇదే పని చేసింది. ఇంటికి ఏ తీగా రాకుండానే ఆట ఆకాశంలోంచి దిగింది. ఆ చప్పుడు ఇప్పుడు మీకు వినిపించాలని నాకూ ఉంది గానీ, మా స్టేషన్‌వాళ్లు ఒప్పుకోరు. మీరు రేడియో పాడైందనుకుని తట్టేస్తారు.

ఇంకో దేశం క్యూబా. అక్కడ నెట్ దొరకడం చాలా కాలం కష్టంగా ఉండేది. ఎవరో ఒకచోట వారానికి సరిపడా సినిమాలు, సీరియళ్లు, యాప్‌లు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు హార్డ్ డిస్కులకి ఎక్కిస్తారు. ఆ డిస్కులు చేతులు మారుతూ బస్సుల్లో దేశమంతా తిరుగుతాయి. దాన్ని వాళ్లు వారం ప్యాకెట్ అంటారు.

అంత దూరం ఎందుకు? మన ఊళ్లలో సెల్ షాపులకి వెళ్లి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకోలేదా? ఇరవై రూపాయలిస్తే కార్డు నిండా పాటలు. ఆ షాపతను మన ఇంటి దగ్గరి నెట్టు. అందులో సగం దొంగ సరుకే అనుకోండి, అది వేరే సంగతి. ఇప్పుడు మనం మాట్లాడుతున్నది డబ్బు కట్టి కొన్న సొంత సరుకు గురించి. పద్ధతి పాతదే, పని న్యాయమైనది.

ఇక అసలు పనిలోకి వద్దాం. మీ ఇంట్లో ఆట దేంట్లో ఉంది?

ముందు లాప్‌టాప్. ఇందులో దుకాణాన్ని బట్టి మీ కష్టం ఉంటుంది. స్టీమ్‌లో కొన్నారనుకోండి. ఇంటికి బయల్దేరే ముందు, నంద్యాలలో వైఫై ఉండగానే, అప్‌డేట్లన్నీ పూర్తిచేయండి. పూర్తిచేసి ఆటని ఒక్కసారి తెరిచి చూడండి. తెరిచి చూడడం తప్పనిసరి, ఎందుకంటే కొన్ని ఆటలు మొదటిసారి తెరిచినప్పుడే మిగిలిన సామాను దించుకుంటాయి. ఆ తర్వాత స్టీమ్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టండి. పెట్టాక ఇంట్లో దాన్ని ఆన్‌లైన్‌లోకి తేకండి. మన కథలో అబ్బాయికి జరిగింది అదే. ఒక్క నిమిషం హాట్‌స్పాట్ కలిపాడు. కొత్త అప్‌డేట్ వచ్చిందని స్టీమ్‌కి తెలిసిపోయింది. తెలిశాక పాత ఆటని తెరవనివ్వదు. తెలియకపోతే ఏ గొడవా లేదు! ఇంకోసారి చెప్తాను. పూర్తిగా అప్‌డేట్ చేయండి, ఒకసారి తెరవండి, ఆఫ్‌లైన్ చేయండి, అలాగే ఉంచండి.

పక్కింట్లో స్నేహితుడి దగ్గర అదే ఆట కొత్తగా అప్‌డేట్ అయి ఉందా? 2023 నుంచి స్టీమ్‌లో ఇంకో వీలుంది. రెండు లాప్‌టాప్‌లూ ఒకే వైఫైలో ఉంటే, ఆట ఫైళ్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి నేరుగా వస్తాయి. లాగిన్ కావడానికి చిటికెడు నెట్ కావాలి, అది ఫోన్ ఇస్తుంది. బరువంతా స్నేహితుడి లాప్‌టాప్ నుంచి వస్తుంది. చూశారా, అనుమతి ఒక దారిన, బరువు ఇంకో దారిన.

ఇందాక బంగారం అన్నానే, ఆ రెండో రకం దుకాణం సంగతి ఇది. పేరు జీఓజీ. 2008లో మొదలైంది. తమాషా ఏమిటంటే, దాన్ని మొదలుపెట్టింది ఇందాక చెప్పుకున్న సైబర్‌పంక్ కంపెనీవాళ్లే, పోలండ్ దేశస్థులు. ఇందులో కొన్న ఆటని మామూలు ఫైల్‌లాగా దించుకోవచ్చు. ఏ కంప్యూటర్‌లోనైనా దించుకోవచ్చు. పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఇంటికొచ్చి, నెట్ లేకుండా ఎక్కించుకోవచ్చు. చాలా ఆటలకి అప్‌డేట్లు కూడా విడి ఫైళ్లుగా దొరుకుతాయి. నెట్ లేని ఇంటికి నేనైతే ముందు ఈ దుకాణమే చెప్తాను. ఇక్కడ అన్ని ఆటలూ దొరకవు. దొరికినవి మాత్రం మీ చేతిలోనే ఉంటాయి.

ఒక జాగ్రత్త. పెద్ద ఆట ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఒక్కో ముక్క 4 జీబీ దాకా ఉంటుంది. అన్ని ముక్కలూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. లెక్క చూసుకోండి. ఒక్క ముక్క మర్చిపోయారా, ఆట ఎక్కదు, మళ్లీ ఘాట్ దిగాల్సిందే. పెన్ డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయించుకోండి. పాత పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్‌ని అది మింగదు. ఎంత ఖాళీ ఉన్నా మింగదు.

తర్వాత గేమ్ పెట్టెలు. ప్లేస్టేషన్‌తో కాస్త కష్టం. ఆ పెట్టెని నడిపే సాఫ్ట్‌వేర్‌ని మాత్రం సోనీ వెబ్‌సైట్ నుంచి పెన్ డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించవచ్చు. ఆటల అప్‌డేట్లకి ఆ వీలు లేదు. కాబట్టి ఎక్కువగా యంత్రమే నెట్ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. మొదట వచ్చిన డిస్క్ ప్లేస్టేషన్ 5, అంటే పీఎస్5, నాలుగున్నర కిలోలు. ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని నంద్యాల దాకా, అక్కడ బాబాయి ఇంట్లో ఒక రాత్రి, మర్నాడు తిరుగు ప్రయాణం. నవ్వకండి, చాలామందికి దొరికే దారి ఇదే. అందుకే తల్లిదండ్రులకి ఒక మాట. ఇంట్లో నెట్ లేకపోతే, డిస్క్ పెట్టే చోటు లేని డిజిటల్ ఎడిషన్ పెట్టె కొనకండి. ధర తక్కువని ఆశపడకండి.

ఎక్స్‌బాక్స్ కొంచెం నయం. బయటి హార్డ్ డిస్క్‌లో ఆట పెట్టుకుని, ఆ డిస్క్ ఒక్కటే స్నేహితుడి ఇంటికి పట్టుకెళ్లి, అక్కడి ఎక్స్‌బాక్స్‌కి తగిలించి, మీ అకౌంట్‌తో అప్‌డేట్ చేసి, వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఈ రెండిట్లోనూ అనుమతి దగ్గర ఒక మెలిక ఉంది. ఆన్‌లైన్‌లో కొన్న ఆట నెట్ లేకుండా ఆడాలంటే, "నా ఇంటి పెట్టె ఇదే" అని ముందుగా నమోదు చేసి ఉండాలి. పీఎస్4లో ప్రైమరీ అంటారు. పీఎస్5లో ఆఫ్‌లైన్ ప్లే అనే మాట వెతకండి. ఎక్స్‌బాక్స్‌లో హోమ్ ఎక్స్‌బాక్స్. నెట్ ఉన్నచోట ఉండగానే ఇది చూసుకోండి. ఇది చేయకుండా ఇంటికొస్తే, 40 జీబీ బరువు మోసుకొచ్చి కూడా తలుపు బయటే నిలబడతారు.

నింటెండో స్విచ్ మన దేశంలో కంపెనీ నేరుగా అమ్మదు. అమెరికా నుంచి అత్తో మేనమామో తెచ్చిస్తే ఇంట్లో ఉంటుంది. అది చేతిలో పట్టే యంత్రం, ఊరికి తీసుకెళ్లడం తేలిక. ఇంకో సుగుణం కూడా ఉంది. ఇద్దరి దగ్గర ఒకే ఆట ఉండి, ఒకరిది కొత్త అప్‌డేట్, ఇంకొకరిది పాతదీ అయితే, రెండు యంత్రాల్నీ పక్కపక్కన పెట్టి, నెట్ అసలు లేకుండా, కొత్తదాన్ని పాతదానికి పంపవచ్చు. ఒక్క పిల్ల ఆళ్లగడ్డ వెళ్లి అప్‌డేట్ చేసుకొస్తే కాలనీలో మిగతా పిల్లలందరికీ పంచవచ్చు. కంపెనీలన్నీ ఈ ఒక్క పని చేసి ఉంటే నేనీ ప్రసంగం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇక ఫోన్ హాట్‌స్పాట్. చిన్న అప్‌డేట్‌కి చాలు. మీకు రోజుకి 2 జీబీ ఉంటే, రాత్రి పడుకునే ముందు ఆ రోజు మిగిలింది వాడేయండి. స్టీమ్‌లోనూ, గేమ్ పెట్టెల్లోనూ డౌన్‌లోడ్ మధ్యలో ఆపి మర్నాడు అక్కడి నుంచే కొనసాగించవచ్చు. 5జీ అందేచోట కొన్ని ప్లాన్లలో రోజు లెక్క ఉండదు. అలాంటి ఫోను ఉన్న చుట్టం పండక్కి ఇంటికొస్తే, భోజనంతో పాటు హాట్‌స్పాట్ కూడా అడగండి. శివరాత్రి, ఉగాది రోజుల్లో మాత్రం శ్రీశైలం చుట్టుపక్కల ఆ పని పెట్టుకోకండి. కన్నడ భక్తులు కాలినడకన వస్తారు, లక్షల మంది ఒక్కచోట చేరతారు. ఉన్న టవర్లు వాళ్లు ఇంటికి ఫోన్ చేసుకోవడానికే చాలవు.

చివరిగా, ఆత్మకూరులో, నంద్యాలలో, ఆళ్లగడ్డలో నెట్ సెంటర్ నడిపేవాళ్లు వింటుంటే, ఈ మాట మీకు. జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులతో పాటు ఇదొక బేరం. "ఆటల అప్‌డేట్లు ఎక్కిస్తాం" అని బోర్డు పెట్టండి. రాత్రి షాపు మూసే ముందు డౌన్‌లోడ్ పెడితే తెల్లారేసరికి అయిపోతుంది. గంటల లెక్కన కాకుండా జీబీ లెక్కన తీసుకోండి, కుర్రాళ్లకి గిట్టుబాటవుతుంది. కుర్రాళ్లూ, మీరు పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి రాకండి. మీ లాప్‌టాప్ తీసుకెళ్లి వాళ్ల వైఫైకి కలుపుకోండి. వాళ్ల కంప్యూటర్‌లోనే చేయాల్సి వస్తే, పక్కనే కూర్చుని లాగిన్ అవండి. ఫైళ్లు పెన్ డ్రైవ్‌లోకి రాగానే లాగౌట్ చేయండి. బస్సు టైమైందని ఆ ఒక్కటి మర్చిపోకండి. దోర్నాల దాటాక గుర్తొస్తే, అక్కడ సిగ్నల్ కూడా ఉండదు.